తిరునాళ్ల డ్యూటీ నా విశ్వాసానికి అడ్డమైతే కాదనొచ్చా? రిటైర్డ్ తహసీల్దారు జవాబు

అడిగిన సంగతి క్లుప్తంగా: ప్రకాశం జిల్లాలో కారుణ్య నియామకం కింద గ్రామ సర్వేయరుగా చేరి ఏడాదిన్నర. బాప్టిస్టు కుటుంబం. మండలంలో జరిగే కొండ తిరునాళ్లకు మూడు రోజులు క్యూలైన్ దగ్గర డ్యూటీ వేశారు. "విగ్రహారాధన జరిగే చోట పనిచేయడం మా విశ్వాసానికి విరుద్ధం. రాజ్యాంగం 25వ అధికరణం కింద కాదనొచ్చా? కాదంటే మెమో ఇస్తానని తహసీల్దారు అంటున్నారు. ఆఫీసులో ఆయుధపూజ రోజు బొట్టు పెట్టించుకోలేదని అప్పటినుంచే నామీద గుర్రుగా ఉన్నారు" అని రాశారు.

ముందు సూటిగా జవాబు: డ్యూటీని కాదనలేరు. పూజను కాదనొచ్చు. క్యూలైన్ డ్యూటీ పూజ కాదు, చేయాల్సిందే. బొట్టు విషయంలో మాత్రం తప్పు మీది కాదు. అది పెట్టించుకోమని అడిగే అధికారం మీ తహసీల్దారుకు లేదు.

నేను నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో కలిపి ముప్పై ఏళ్ల పైచిలుకు రెవెన్యూలో పనిచేశాను. జూనియర్ అసిస్టెంటుగా మొదలై తహసీల్దారుగా దిగిపోయాను. తిరునాళ్లు, బ్రహ్మోత్సవాలు, ఉరుసులు, గుడ్ ఫ్రైడే ఊరేగింపులు ఎన్నింటికి డ్యూటీ చార్టులు వేశానో లెక్కలేదు. ఆ అనుభవంతోనే చెబుతున్నా.

25వ అధికరణం పేరు ఎత్తేవాళ్లలో చాలామంది అందులోని రెండో సగమే చదువుతారు. మత స్వేచ్ఛ ఉంది, నిజమే. కానీ ఆ వాక్యం మొదలయ్యేదే "ప్రజాశాంతికి, నైతికతకు, ఆరోగ్యానికి, ఈ భాగంలోని మిగతా నిబంధనలకు లోబడి" అన్న షరతుతో. ఆ మిగతా నిబంధనల్లో 14, 15 అధికరణాలు ఉన్నాయి, అంటే మీ ముందుకు పనిమీద వచ్చినవాడి సమానత్వం ఉంది. క్యూలో ఎండకు సొమ్మసిల్లిన ముసలమ్మ ఏ దేవుడి కోసం వచ్చిందన్నది సర్వేయరుకు అనవసరం. ఆమెకు నీళ్లు అందాయా, తొక్కిసలాట జరగకుండా చూశామా అన్నదే ఉద్యోగం.

అదే మాట అటువైపు నుంచి కూడా. గుడి లోపలి పనులు మీవి కావు. ఎండోమెంట్స్ శాఖ సంగతి వేరు. 1987 నాటి దేవాదాయ చట్టం ప్రకారం ఆ శాఖ అధికారులు హిందూ మతస్థులై ఉండాలి. రాజ్యాంగంలోని 16(5) దానికి వీలిచ్చింది. హుండీ లెక్కింపు, హారతి, స్వామివారి వస్త్రాలు, ఇవన్నీ ఆ శాఖవాళ్లు, అర్చకులు చూసుకునేవి. రెవెన్యూ, పోలీసు, పంచాయతీ సిబ్బంది వెళ్లేది జనం కోసం. కాబట్టి రేపు ఎవరైనా మిమ్మల్ని పళ్లెం పట్టుకుని లోపల నిలబడమంటే, అది మీ డ్యూటీ చార్టులో లేదని మర్యాదగా చెప్పొచ్చు. బారికేడ్ల దగ్గర నిలబడమంటే మాత్రం నిలబడాలి.

ప్రసాదం పొట్లాలు పంచే కౌంటర్ సంగతి? అది గీతకు అటూ ఇటూ ఉన్న వ్యవహారం. పొట్లం చేతికివ్వడం పూజ కాదని నేననుకుంటాను. మీ సంఘం పెద్దలు ఒప్పుకోకపోవచ్చు. నేను చార్టు వేసేటప్పుడైతే అలాంటి కౌంటర్లో మీలాంటి కుర్రాడిని పెట్టను. మంచినీళ్ల దగ్గరో, తప్పిపోయిన పిల్లల టెంటు దగ్గరో వేస్తాను. చట్టం చెప్పిందని కాదు, నలభై మంది సిబ్బందిలో ఒకరిని ఇటునుంచి అటు మార్చడానికి నాకు పోయేదేమీ లేదు కనుక.

ఇక నా సొంత తప్పు ఒకటి చెప్పాలి. ఇది చెప్పకుండా మీకు నీతులు చెప్పే అర్హత నాకు లేదు.

తొంభైల చివర్లో నెల్లూరు జిల్లాలో ఒక మండలంలో డిప్యూటీ తహసీల్దారుగా ఉన్నాను. కార్తీకం. అయ్యప్ప మాలలో ఉన్నాను, మూడోసారి. మా ఎమ్మార్వో సెలవులో ఉంటే ఇన్‌ఛార్జి నాదే. పొద్దున పదింటికి స్టేషన్ నుంచి కానిస్టేబుల్ వచ్చాడు. "ఇంక్వెస్టు ఉంది సామీ. పెళ్లయి రెండేళ్లు. కాలిన కేసు" అన్నాడు. పెళ్లయిన ఏడేళ్లలోపు ఆడపిల్ల అనుమానాస్పదంగా చనిపోతే మెజిస్ట్రేటు స్థాయి అధికారి వెళ్లి శవాన్ని చూసి, బంధువుల వాంగ్మూలం రాసుకుని, ఆ తర్వాతే పోస్టుమార్టానికి పంపాలి. మాలలో ఉండి శవం దగ్గరికి పోవడమా అనుకున్నాను. అంటు. డివిజన్ ఆఫీసుకు ఫోన్ చేసి, పక్క మండలం ఎమ్మార్వోకు అప్పగించేలా మాట్లాడేశాను. ఆయన ఆ రోజు జన్మభూమి గ్రామసభలో ఉన్నారు. అది ముగించుకుని, జీపు దొరికి, ఆస్పత్రికి చేరేసరికి సాయంత్రం నాలుగు దాటింది. పంచనామా అయ్యేసరికి పొద్దుగూకింది. వెలుతురు లేదు, రేపు పొద్దున చేస్తామన్నారు డాక్టరు. అప్పట్లో చీకటి పడితే పోస్టుమార్టం చేసేవాళ్లు కాదు.

మర్నాడు అదే కానిస్టేబుల్ ఏదో సంతకానికి వచ్చి, వెళ్లబోతూ గుమ్మంలో ఆగాడు. "ఆయమ్మ రాత్రంతా మార్చురీ మెట్ల మీదే కూర్చోనుంది సామీ. బిడ్డ ఒంటరిగా ఉంటాదంట" అన్నాడు. చనిపోయిన పిల్ల తల్లి. నన్నేమీ అనలేదతను. అనకపోయినా అన్నట్టే ఉంది.

సాయంత్రం పీఠం దగ్గర మా గురుస్వామికి చెప్పాను. ఆయన సైకిల్ షాపు ఆయన, అప్పటికి పద్దెనిమిదోసారో ఏమో మాల వేయడం. విని కాసేపు ఊరుకుని, "శవాన్ని చూసుంటే తలస్నానం చేసి శరణాలు చెప్పుకునేవాడివి. చూడకుండా వచ్చావు, ఇప్పుడు ఏం చేసి కడుక్కుంటావు?" అన్నాడు. ఆ తర్వాత చాలా ఏళ్లు మాల వేశాను. ఎన్ని ఇంక్వెస్టులకు వెళ్లానో! జీపులో ఒక జత నల్లబట్టలు, బకెట్టు పెట్టుకుని వెళ్లేవాణ్ని. అంతే, పని జరిగిపోయేది.

అందుకే మీకు నేను ఇచ్చే కొలత ఒకటే: మీ నమ్మకానికి అయ్యే ఖర్చు మీరు పెట్టుకుంటున్నారా, లేక మీ దగ్గరికి వచ్చినవాళ్ల చేత పెట్టిస్తున్నారా? మీరు బకెట్టు నీళ్లు మోసుకెళితే అది మీ ఖర్చు. ఒక తల్లి రాత్రంతా మెట్ల మీద కూర్చుంటే అది ఆమె చేత పెట్టించిన ఖర్చు. బొట్టు పెట్టించుకోకపోతే ఎవరికీ పైసా నష్టం లేదు. క్యూలైన్లో మీ చోటు ఖాళీగా ఉంటే ఎవరికో నష్టం.

కోర్టులు కూడా దాదాపు ఇదే దారిలో నడిచాయని నాకనిపిస్తుంది. కేరళలో యెహోవా సాక్షుల కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లలు బడిలో జాతీయ గీతం పాడలేదని పంపించేశారు. 1986లో సుప్రీంకోర్టు వాళ్లను మళ్లీ చేర్చుకోమంది. పిల్లలు గీతం వచ్చినప్పుడు గౌరవంగా లేచి నిలబడ్డారు, ఎవరికీ అడ్డం రాలేదు, పాడటం తమ విశ్వాసానికి కుదరదన్నారు, అంతే. ఆ తీర్పు రాసింది మన తెలుగాయన, జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. బొట్టు విషయంలో మీ తహసీల్దారుతో మాట్లాడాల్సి వస్తే ఈ కేసు గుర్తుంచుకోండి.

రెండో వైపు, ఎయిర్‌ఫోర్సు ఉద్యోగి ఒకరు గడ్డం పెంచుకుంటానంటే 2016లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. మొన్న 2025లో ఇంకో కేసు. సైన్యంలో ఒక క్రైస్తవ అధికారి. తన జవాన్లతోపాటు గుడికీ గురుద్వారాకూ పెరేడ్‌గా వెళ్లేవాడు కానీ గర్భగుడిలోకి మాత్రం అడుగు పెట్టనన్నాడు. 2021లో ఉద్యోగంలోంచి తీసేశారు. 2025 మేలో ఢిల్లీ హైకోర్టు అది సరైనదే అంది, నవంబరులో సుప్రీంకోర్టూ జోక్యం చేసుకోలేదు. ఈ కేసు చూపించి మిమ్మల్ని ఎవరైనా బెదిరిస్తే బెదరకండి. సైన్యం లెక్క వేరు. వాళ్ల ప్రాథమిక హక్కులకు హద్దులు పెట్టే అధికారం 33వ అధికరణం పార్లమెంటుకు ఇచ్చింది. గ్రామ సర్వేయరు సైనికుడు కాదు. నన్నడిగితే ఆ అధికారికి పడిన శిక్ష ఎక్కువే. కానీ నా అభిప్రాయానికి అక్కడ విలువ లేదనుకోండి.

బయటి దేశాల్లోనూ ఇదే గొడవ. అమెరికాలో కెంటకీ రాష్ట్రంలో కిమ్ డేవిస్ అనే కౌంటీ క్లర్కు 2015లో స్వలింగ జంటల పెళ్లికి తన విశ్వాసం ఒప్పుకోదని పెళ్లి లైసెన్సులు ఇవ్వడమే ఆపేసింది. కోర్టు ఆదేశం కాదన్నందుకు ఐదు రోజులు జైల్లో ఉంది. ఈలోగా ఆమె కింద పనిచేసే గుమాస్తాలు లైసెన్సులు ఇచ్చేశారు, ఆఫీసు నడిచింది. 2013లో యూరప్ మానవ హక్కుల కోర్టు ఒకే తీర్పులో నాలుగు బ్రిటన్ కేసులు తేల్చింది. విమాన సంస్థలో పనిచేసే ఆవిడ మెడలో చిన్న సిలువ వేసుకోవచ్చంది. ఆస్పత్రి వార్డులో నర్సు మెడలో వేలాడే సిలువ మాత్రం కుదరదంది, ఎందుకంటే అక్కడ రోగి భద్రత ముడిపడి ఉంది. తన విశ్వాసం కారణంగా స్వలింగ జంటలను నమోదు చేయనన్న రిజిస్ట్రారు కూడా ఓడిపోయింది. సిలువ ఒక్కటే, చోటు మారితే జవాబు మారింది.

ఆ రిజిస్ట్రారు లాంటివాళ్లు మన దగ్గరా ఉన్నారు, కాకపోతే నోరు తెరిచి చెప్పరు. మతాంతర వివాహానికి ప్రత్యేక వివాహ చట్టం కింద నోటీసు ఇవ్వడానికి వెళ్లిన జంటను "సర్వర్ డౌన్", "పెద్దవాళ్లను తీసుకురండి" అని తిప్పడం నేను చూశాను. ఏ ఆఫీసో చెప్పను. 1954 నాటి ఆ చట్టంలో నోటీసుకు ముప్పై రోజుల గడువుంది. ఆ గడువులో ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. కానీ వయసు, అప్పటికే ఉన్న భార్యో భర్తో, మానసిక స్థితి, దగ్గరి చుట్టరికం లాంటి కారణాలకే. మతం వేరన్నది అభ్యంతరమే కాదు. మ్యారేజ్ ఆఫీసరు కాదంటే ముప్పై రోజుల్లో జిల్లా కోర్టుకు వెళ్లొచ్చు. ధైర్యంగా "చేయను" అన్న కిమ్ డేవిస్ కంటే "రేపు రండి" అనే గుమాస్తా ఎక్కువ నష్టం చేస్తాడు. కాగితం మీద ఏమీ ఉండదు కదా, ఏ కోర్టుకు వెళతారు?

డాక్టర్లు తమ మతం పేరు చెప్పి వైద్యం కాదనొచ్చా అని కింద ఎవరో అడిగారు. మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల్లో ఇది స్పష్టంగానే ఉంది. వైద్యపరంగా అవసరమైనప్పుడు కుటుంబ నియంత్రణ, గర్భస్రావం లాంటి వాటికి కేవలం మతం కారణంగా సాయం నిరాకరించకూడదు. ఆ పని తనకు చేతకాదనుకుంటే మాత్రం తప్పుకోవచ్చు. బ్రిటన్ చట్టంలో గర్భస్రావం విషయంలో మనస్సాక్షి మినహాయింపు ఉంది, అయినా తల్లి ప్రాణం మీదికి వస్తే అక్కడా అది చెల్లదు. ఇంతకన్నా లోతుగా వైద్యులే చెప్పాలి.

మళ్లీ మీ విషయానికొస్తాను. ఇప్పుడు ఏం చేయాలి?

నోటితో కాదు, కాగితంతో అడగండి. ముందే అడగండి. తిరునాళ్ల రోజు పొద్దున ఫోన్ స్విచాఫ్ చేసుకుంటే అది మత స్వేచ్ఛ కిందికి రాదు, గైర్హాజరు కిందికి వస్తుంది. కారుణ్య నియామకం అంటున్నారు, ప్రొబేషన్ ఇంకా డిక్లేర్ అయ్యుండదు. ఆ సమయంలో ఒక్క గైర్హాజరు ఫైల్లో పడినా తర్వాత ఏళ్ల తరబడి తల నొప్పి. అర్జీలో 25వ అధికరణం, సుప్రీంకోర్టు అని పెద్ద పెద్ద మాటలు రాయొద్దు. చదివే అధికారికి ఒళ్లు మండుతుంది. ఇంతే రాయండి: "తిరునాళ్ల డ్యూటీకి హాజరవుతాను. నా మత విశ్వాసం కారణంగా పూజా కార్యక్రమాల్లో పాల్గొనడానికి వీలుకాదు. వీలైతే తాగునీరు, పార్కింగ్, కంట్రోల్ రూమ్ వంటి చోట వేయవలసిందిగా కోరుతున్నాను. బదులుగా క్రిస్మస్ తర్వాత వచ్చే ఏ సెలవు రోజు డ్యూటీ అయినా చేస్తాను." తపాలా సెక్షన్లో ఇచ్చి, నకలు మీద స్టాంపు వేయించుకోండి.

చివరి వాక్యం ముఖ్యం. మీరు అడగడమే కాకుండా ఇస్తున్నారు కూడా. నేను పనిచేసిన ఒక ఆఫీసులో పాత ఎల్‌ఐసీ డైరీ ఒకటి ఉండేది. దాన్ని మార్పిళ్ల పుస్తకం అనేవాళ్లం. బక్రీదు రోజు కంట్రోల్ రూమ్ ఒక క్రిస్టియన్ అమ్మాయి, క్రిస్మస్‌కు ఒక ముస్లిం వీఆర్వో, ఉగాదికి ఇంకొకరు. ఎవరు ఎవరికి ఎన్ని రోజులు బాకీ ఉన్నారో అందులో ఉండేది. ఆ వీఆర్వో మహా సణుగుడు మనిషి. "మీ దేవుడి పెళ్లికి నేను ట్యాంకర్లు తోలాల్నా సార్" అనేవాడు. అంటూనే అందరికన్నా ముందొచ్చి ట్యాంకర్లు నింపించేవాడు. నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగకు స్వర్ణాల చెరువు గట్టున డ్యూటీ చేసేవాళ్లలో ఎక్కువమంది హిందువులే. రొట్టె పట్టుకోవడం, పట్టుకోకపోవడం వాళ్లిష్టం. జనాన్ని చెరువులో పడకుండా చూడటం మాత్రం ఇష్టంతో పనిలేని సంగతి.

ప్రభుత్వం ఇచ్చిన వెసులుబాట్లు కూడా వాడుకోండి. ఏడాదికి ఐదు ఐచ్ఛిక సెలవులు ఉన్నాయి. రంజాన్ నెలలో ముస్లిం ఉద్యోగులు ఒక గంట ముందు వెళ్లేందుకు ప్రభుత్వం అనుమతి ఇస్తూ వస్తోంది. అడిగితే తప్పుగా చూడాల్సిన పనిలేదు. కానీ ఎన్నికల డ్యూటీ దగ్గర ఇవేవీ పనిచేయవు. 2024లో పోలింగు మే 13, సోమవారం. సామగ్రి తీసుకోవాల్సింది 12న, ఆదివారం. ఆరాధన ఉంది, మధ్యాహ్నం వస్తానంటే కుదురుతుందా? ఈవీఎంలు మధ్యాహ్నం దాకా ఆగవు. ఆ ఏడాది మా ఊరి చర్చిలో తెల్లవారుజామున ఐదింటికే ఒక ఆరాధన పెట్టుకున్నారు, టీచర్ల కోసం. అది వాళ్లు పెట్టుకున్న ఖర్చు.

మెమో గురించి. మెమో అంటే శిక్ష కాదు, వివరణ అడగడం. మెమో వస్తే గడువులోపు జవాబివ్వండి, మీ అర్జీ నకలు జతచేయండి. చిన్న శిక్ష వేయాలన్నా 1991 నాటి సీసీఏ రూల్స్ (ఉద్యోగుల క్రమశిక్షణ నిబంధనలు) ప్రకారం ముందు మీ మాట వినాలి. డ్యూటీకి హాజరై, పూజకు మాత్రం దూరంగా ఉన్నందుకు శిక్ష వేస్తే అది అప్పీల్లో నిలవదని నా నమ్మకం. డ్యూటీకే రాకపోతే నిలుస్తుంది.

బొట్టు విషయం మీ తహసీల్దారుతో మీరే మాట్లాడండి, ఆయన గదిలో, ఎవరూ లేనప్పుడు. "సార్, అగౌరవం కాదు. పూజ దగ్గర నిలబడ్డాను, కుర్చీలు సర్దాను. బొట్టు మాత్రం మా ఇంట్లో పెట్టుకోం" అనండి. తొంభై శాతం అధికారులు అక్కడితో వదిలేస్తారు. ఆయుధపూజ చేయమని ప్రభుత్వ ఉత్తర్వు ఏదీ లేదు, అది ఆఫీసు వాడుక. వాడుకకు రానందుకు మెమో ఇవ్వలేరు. దాన్ని మనసులో పెట్టుకుని తిరునాళ్ల డ్యూటీ వేశారని మీరు అనుమానిస్తున్నట్టున్నారు. కావచ్చు. కానీ చార్టులో మీతోపాటు అందరు సర్వేయర్ల పేర్లూ ఉంటే ఆ అనుమానం మనసులోనే ఉంచుకోండి. మీ ఒక్కరినే పిలిచి గుడి లోపల వేస్తే మాత్రం అర్జీ ఆర్డీవోకు కూడా పంపండి.

మీరు బాప్టిస్టులమన్నారు కాబట్టి ఒక మాట. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ గురించి మీ పెద్దలు చెప్పే ఉంటారు. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత పని కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. ఆ రోజుల్లో బాప్తిస్మం ఇమ్మని వచ్చినవాళ్లకు ఇవ్వకుండా ఆపాడు. కూలి కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదని. కరువు పనులు అయ్యాకే 1878 జులైలో గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. అంత గట్టి విశ్వాసి కూడా కూలి మస్టరూ బాప్తిస్మాల పుస్తకమూ కలవనివ్వలేదు.

తిరునాళ్లు ఎప్పుడో మీరు రాయలేదు. వారం పైన టైముంటే అర్జీ ఈరోజే ఇవ్వండి, చార్టు టైపయ్యాక మార్చడం ఎవరికైనా విసుగే. కొండ కింద బారికేడ్ల దగ్గర పదకొండు దాటాక రాళ్లు కాలుతాయి. గుడి ఆవరణ బయటే కాబట్టి చెప్పులు విప్పాల్సిన పనిలేదు, ఎవరైనా విప్పమంటే చార్టు చూపించండి. గొడుగు, రెండు నీళ్ల సీసాలు వెంట ఉంచుకోండి. మీ తహసీల్దారు ఏమన్నారో మళ్లీ ఇక్కడే రాయండి.